పిల్లలమర్రి దగ్గర ఆదుకున్న పెద్దమ్మకు కృతజ్ఞతలు

మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని చూడటానికి గత ఆదివారం కుటుంబసమేతంగా వెళ్లినప్పుడు, జింకల వైపు పరుగెత్తుతూ బోర్లా పడి మోకాలు గీరుకుపోయిన మా నాలుగేళ్ల పాపను మాకంటే ముందే చేరి లేవనెత్తిన, పేరు తెలియని పెద్దమ్మకు మా ఇంటిల్లిపాది తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు. తన సీసాలోని నీళ్లతో మట్టి కడిగి, చేతిరుమాలు మడిచి కట్టిన ఆమె, "గింత పెద్ద చెట్టుకే సెలైన్ పెట్టిన్రు బిడ్డా, అదేమన్న ఏడ్సిందా?" అని అడగడంతో పాప ఏడుపు మాని కొమ్మల వైపు చూడసాగింది. 2018లో చెదలు పట్టిన ఆ మర్రికి మందు కలిపిన సెలైన్ సీసాలు వేలాడదీసి ఎక్కించిన మాట నిజమే. పసిపిల్లను ఊరడించడానికి అది పనికొస్తుందని మాకు మాత్రం తట్టేది కాదు. పేరు అడిగేలోపే ఆమె తమవాళ్లతో ఆటో ఎక్కి వెళ్లిపోయారు. ఇది చదివి గుర్తుపట్టిన బంధువులెవరైనా ఉంటే, పాప కోలుకున్నదన్న కబురును, మా నమస్కారాలను దయచేసి ఆమెకు అందజేయగలరు.