టాస్క్ మేనేజర్‌లో కనబడనంత మాత్రాన లేనట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

కంప్యూటర్ భద్రతపై మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసం రెండు సలహాలు ఇచ్చింది. అనుమానం కలిగితే టాస్క్ మేనేజర్ తెరిచి చూడాలని, అక్కడ తెలియని ప్రోగ్రాం ఏదీ లేకపోతే నిశ్చింతగా ఉండవచ్చని మొదటిది. అయినా అనుమానం తీరకపోతే వెంటనే కంప్యూటర్‌ను ఆపివేయాలని రెండవది. మామూలు వైరస్‌ల విషయంలో మొదటి సలహా కొంతవరకు పనికిరావచ్చు గానీ, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లోకి చొరబడి తన ఉనికిని దాచుకునే రూట్‌కిట్ అనే మాల్వేర్ ఎదురైనప్పుడు మొదటిది మోసపుచ్చుతుంది, రెండవది సాక్ష్యాన్ని చెరిపేస్తుంది.

విండోస్‌లో ప్రతి ప్రాసెస్‌కూ, అంటే నడుస్తున్న ప్రతి ప్రోగ్రాంకూ, కెర్నెల్ మెమరీలో ఈప్రాసెస్ అనే నిర్మాణం ఒకటి ఉంటుంది. ప్రతి నిర్మాణమూ తనకు ముందున్నదాని చిరునామాను, తర్వాత ఉన్నదాని చిరునామాను దాచుకుంటుంది. టాస్క్ మేనేజర్ అడిగినప్పుడు కెర్నెల్ ఈ గొలుసును పట్టుకుని నడిచి జాబితా అందిస్తుంది. కెర్నెల్ అధికారం చేజిక్కించుకున్న మాల్వేర్ అటూ ఇటూ ఉన్న రెండు నిర్మాణాల్లో చిరునామాలు మార్చి వాటిని ఒకదానితో ఒకటి కలిపేస్తే, మధ్యలోని ప్రాసెస్ జాబితా నుంచి జారిపోతుంది. అయినా అది ఆగదు, ఎందుకంటే కెర్నెల్‌లోని షెడ్యూలర్ ప్రాసెసర్ సమయాన్ని కేటాయించేది ప్రాసెస్ లోపలి పనుల వరుసలైన థ్రెడ్‌లకు, దానికి ఈ గొలుసుతో పని లేదు. భద్రతా పరిశోధకుడు జేమీ బట్లర్ ఎఫ్‌యూ రూట్‌కిట్‌తో ఈ కిటుకును 2004 నాటికే బహిరంగంగా చూపించారు. 64 బిట్ విండోస్‌లో కెర్నెల్ రక్షణలు పెరిగాక ఇది కష్టమైందే తప్ప, జాబితాను గుడ్డిగా నమ్మగల రోజు రాలేదు. లినక్స్‌లో నిర్మాణం పేరు టాస్క్‌స్ట్రక్ట్. చిక్కు మాత్రం ఇదే.

అందుకే మెమరీ ఫోరెన్సిక్స్ నిపుణులు ర్యామ్ మొత్తాన్ని ఒక ఫైలుగా తీసి, వేరే కంప్యూటర్‌లో పరిశీలిస్తారు. 2007లో వెలువడిన వొలటిలిటీ అనే ఉచిత సాధనంలో పీఎస్‌లిస్ట్ గొలుసు వెంట నడుస్తుంది. పీఎస్‌స్కాన్ గొలుసును పట్టించుకోకుండా, ప్రాసెస్ నిర్మాణాలకు మెమరీ కేటాయించేటప్పుడు కెర్నెల్ వేసే, పూల్ ట్యాగ్ అనే నాలుగక్షరాల గుర్తు కోసం మెమరీ అంతా గాలిస్తుంది. రెండవదానిలో దొరికి మొదటిదానిలో లేని ప్రాసెస్‌పై అనుమానం మొదలవుతుంది. థ్రెడ్‌ల నుంచి వాటి యజమాని ప్రాసెస్‌ను, ప్రాసెస్ ఐడీల పట్టికను, సీఎస్‌ఆర్‌ఎస్‌ఎస్ అనే విండోస్ సొంత ప్రాసెస్ ఇతర ప్రాసెస్‌లను చేరడానికి పట్టి ఉంచే హ్యాండిళ్లను కూడా చేర్చి పోల్చినప్పుడు, అన్ని చోట్లా ఒకేసారి జాడ చెరపడం దాగినవారికి ఎంతో కష్టమవుతుంది.

అయితే తేడా కనబడగానే నేరం రుజువైనట్టు రాయడం మరో పొరపాటు, ఉత్సాహంతో రాసే నివేదికల్లో తరచుగా దొర్లేది ఇదే. ముగిసిపోయిన ప్రాసెస్ నిర్మాణం, ఆ చోటును మరొకటి ఆక్రమించేదాకా మెమరీలో మిగిలి ఉంటుంది. స్కాన్‌లో అది బయటపడినప్పుడు, ముగింపు సమయం నమోదై ఉందేమో ముందు చూడాలి. సీఎస్‌ఆర్‌ఎస్‌ఎస్ కన్నా ముందు మొదలైన సిస్టమ్, ఎస్‌ఎమ్‌ఎస్‌ఎస్ అనే విండోస్ ప్రాసెస్‌లు దాని హ్యాండిళ్లలో లేకపోవడం సహజమే. పైగా నడుస్తున్న కంప్యూటర్ నుంచి మెమరీ తీస్తున్నంతసేపూ అది మారుతూనే ఉంటుంది గనుక, మెమరీలో ఒక పేజీ (చిన్న ముక్క) ముందటి క్షణానిది, మరొక పేజీ తర్వాతి క్షణానిది కావచ్చు. ఇక రెండో వైపు చూస్తే, ప్రాసెస్ నడవడానికి పూల్ ట్యాగ్ అవసరం లేదు కాబట్టి మాల్వేర్ దాన్నీ మార్చేయగలదు. ప్రాసెస్ మెమరీ ఎక్కడుందో చెప్పే పేజీ టేబుళ్ల చిరునామా లాంటివి చెడిపోతే ప్రాసెసే కూలిపోతుంది. గాలింపు అటువంటి అంశాలపై ఆధారపడినప్పుడే గట్టిగా నిలుస్తుంది.

ఇప్పుడు రెండవ సలహా సంగతి. కరెంటు తీసేస్తే ర్యామ్‌లోని సాక్ష్యం పోతుంది, డిస్క్‌పై ఫైలు వదలకుండా మెమరీలోనే నడిచే మాల్వేర్ అయితే దర్యాప్తుకు మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. ఫైళ్లు కళ్ల ముందే ఎన్‌క్రిప్ట్ అవుతూ, వేరే విధంగా ఆపలేని పరిస్థితిలో కరెంటు తీయడాన్ని నేను తప్పుపట్టను. మిగతా సందర్భాల్లో కంప్యూటర్‌ను నెట్‌వర్క్ నుంచి విడదీసి, ఆన్‌లోనే ఉంచి, మెమరీ ఇమేజ్‌ను (ర్యామ్ నకలును) బయటి డిస్క్‌లోకి తీసి, తర్వాత అది మారలేదని చూపడానికి దాని హ్యాష్ విలువను నమోదు చేసుకున్నాకే మరో పని చేయాలి. మరో కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ రూపంలో నడిచే వర్చువల్ మెషీన్ అయితే దాన్ని నిలిపి ఉంచి తీసే స్నాప్‌షాట్ ఇంకా మేలైనది: మెమరీ మధ్యలో మారదు, అనుమానిత కెర్నెల్‌పై ఆధారపడవలసిన పనీ ఉండదు.

ఆ వ్యాసాన్ని దాచుకుని, అవసరం వచ్చినప్పుడు అలాగే పాటించే పాఠకులు ఉంటారు గనుక, కనీసం రెండవ సలహాకైనా సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు