లాగిన్ ఇస్తే జర్మన్ నేర్పినట్టేనా?

సంపాదకుడికి,

పాఠశాలల ప్రవేశ ప్రకటనల్లో 'విదేశీ భాష: జర్మన్' అనే వరుస ఈమధ్య తరచుగా కనిపిస్తోంది. చాలా చోట్ల దాని వెనుక ఉపాధ్యాయులెవరూ ఉండరు. పిల్లల చేతికి ఒక ఆన్‌లైన్ కోర్సు లాగిన్, పాస్‌వర్డ్ ఇచ్చి ఇంట్లో చూసుకోమంటారు. ఏడాది చివర 'వంద శాతం పూర్తి' అని ధ్రువపత్రం వస్తుంది. అది అందుకున్న విద్యార్థిని నీ పేరేమిటి, నీకేమి ఇష్టం అని జర్మన్‌లో అడిగి చూడండి. ఎంచుకోవడానికి నాలుగు జవాబులు ఎక్కడైనా కనిపిస్తాయేమోనని వెతుక్కుంటారు.

నేను జర్మన్ బోధిస్తాను, ఆన్‌లైన్‌లో కూడా. కాబట్టి ఇది ఆన్‌లైన్ చదువు మీద కోపంతో రాస్తున్న ఉత్తరం కాదు. జర్మనీ ప్రసార సంస్థ డాయిచె వెల్లె ప్రాథమిక స్థాయి (ఎ1) నుంచి మధ్యస్థ స్థాయి అయిన బి1 దాకా వీడియో పాఠాలను ఉచితంగానే అందిస్తోంది. దగ్గరలో ఉపాధ్యాయులు దొరకని పిల్లలకు అవి నిజంగా మేలు చేస్తాయి. ప్రతి నామవాచకాన్నీ డేర్, డీ, డాస్ అనే మూడు ఆర్టికల్‌లలో దానికి తగినదానితో కలిపి వల్లె వేయించడంలో యంత్రానికి ఉన్న ఓపిక నాకు లేదని ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

చిక్కంతా మాట్లాడటం దగ్గరే. ఉమ్లౌట్ (అక్షరం మీద రెండు చుక్కలు) ఉన్న ö, ü వంటి అచ్చులను మన లిపిలో సరిగా రాయడమే కుదరదు. ö పలకాలంటే పెదవులను 'ఓ' అన్నట్టు గుండ్రంగా చుట్టి, నాలుకను మాత్రం 'ఏ' అన్నట్టు ముందుకు తేవాలి. ఇందులో జరిగే పొరపాటును పిల్లల నోరు చూస్తూ, గొంతు వింటూ ఉన్న మనిషి సరిదిద్దినంత బాగా మరేదీ సరిదిద్దలేదు. వాక్య నిర్మాణమూ అంతే. 'వైల్' (ఎందుకంటే) వంటి మాటతో మొదలయ్యే ఉపవాక్యంలో క్రియ చివరకు పోతుంది. క్రియను చివర పెట్టడం మన పిల్లలకు కొత్తేమీ కాదు. మామూలు వాక్యంలో దాన్ని రెండో స్థానంలో నిలబెట్టడమే వారికి కష్టం. ఖాళీలు పూరించేటప్పుడు అందరూ సరిగానే పెడతారు, నోరు తెరిస్తే మాత్రం క్రియ మళ్లీ చివరకు జారిపోతుంది. తప్పుగా మాట్లాడే అవకాశం, ఆ తప్పును వినే చెవి రెండూ లేకుండా ఈ అలవాటు మారదు.

పరీక్షలు రూపొందించినవారికి ఇది బాగా తెలుసు. జర్మన్ భాషా పరీక్షలు జరిపే గోథే సంస్థ పాఠశాల పిల్లలకు నిర్వహించే ఎ1 స్థాయి 'ఫిట్ ఇన్ డాయిచ్' పరీక్షలో వినడం, చదవడం, రాయడంతో పాటు మాట్లాడటమూ ఒక భాగం. అదీ తోటి పిల్లలతో కలిసి బృందంగా: పరిచయం చేసుకోవాలి, ప్రశ్నలు అడగాలి, ఏదైనా ఇమ్మని కోరాలి. బి1లోనైతే నాలుగు విభాగాల్లోనూ విడివిడిగా 60 శాతం రావాలి. కోర్సు ఎంత శాతం పూర్తి చేశావని అక్కడ ఎవరూ అడగరు.

'మూడు నెలల్లో బి1, ఆపై జర్మనీలో ఉచిత చదువు' అనే ప్రకటనల సంగతి మరీ ఘోరం. 2001లో ఐరోపా మండలి ప్రచురించిన ఆరు భాషా స్థాయుల్లో బి1 మూడోది మాత్రమే. జర్మన్ మాధ్యమంలో డిగ్రీ చదవాలంటే విశ్వవిద్యాలయాలు సాధారణంగా వాటిలో ఐదోదైన సి1కు దగ్గరి స్థాయి కోరతాయి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఎక్కువగా ట్యూషన్ ఫీజు తీసుకోని మాట నిజమే. కానీ బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రం ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థుల నుంచి 2017 నుంచి సెమిస్టర్‌కు 1,500 యూరోలు వసూలు చేస్తోంది. ఈ విషయం ఏ ప్రకటనలోనూ చూడలేదు.

జర్మన్‌ను సబ్జెక్టుగా చూపించే పాఠశాలలను విద్యాశాఖ కొన్ని ప్రశ్నలు అడగాలి. టైమ్‌టేబుల్‌లో వారానికి కనీసం రెండు ప్రత్యక్ష తరగతులు ఉన్నాయా, అవి ఆన్‌లైన్‌లోనైనా సరే? బృందం ప్రతి విద్యార్థీ నోరు విప్పేంత చిన్నదేనా? ప్రగతి పత్రంలో మాట్లాడటానికి విడిగా మార్కులు ఉన్నాయా? ఇంత ఏర్పాటు చేయలేని పాఠశాల జర్మన్‌ను సబ్జెక్టుల జాబితా నుంచి తీసి, గ్రంథాలయ సౌకర్యాల కింద రాసుకోవచ్చు. దానికి నాకే అభ్యంతరమూ లేదు.

– ఒక జర్మన్ ఉపాధ్యాయురాలు