శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారం.

2024 డిసెంబరులో దేశమంతటా బడుల్లో జరిగిన పరఖ్ అనే కేంద్ర ప్రభుత్వ సర్వే 3, 6, 9 తరగతుల పిల్లలు ఎంత నేర్చుకున్నారో చూసింది. ఎందుకు తడబడుతున్నారో తెలియాలంటే మాత్రం బడిలో కూర్చోవాలి. మందస కొండల్లో సవర గిరిజన పిల్లాడు తెలుగులో రాసిన తీసివేత లెక్క ముందు బిక్కమొహం వేస్తాడు. అదే లెక్క చింతపిక్కలు పెట్టి వాడి సవర భాషలో అడిగితే చకచకా చెప్పేస్తాడు. మార్కుల జాబితాలో ఇది కనపడదు గదా!

దీన్ని పట్టుకోగల ఎంఈడీ, పీహెచ్‌డీ విద్యార్థులు మన జిల్లాలోనే ఉన్నారు. బడుల్లో కూర్చుని పరిశోధన చేసే అనుమతి కోసం తిరగడంతోనే వాళ్ల పుణ్యకాలం కాస్తా గడిచిపోతోంది. ఒకే దరఖాస్తుతో, పదిహేను రోజుల్లో అనుమతి ఇప్పించండి. పేర్లు తీసేసిన జవాబుపత్రాలు చూడనివ్వండి. కొండ ఊళ్లకు వెళ్లొచ్చే ఖర్చులైనా భరించండి. వాళ్లు కనిపెట్టింది ముందుగా ఆ బడి మాస్టారికే చెప్పాలన్న షరతూ పెట్టండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పలాస