మా ఇంటి నల్ల ఫోను మళ్లీ మోగేలా చేసినవారికి కృతజ్ఞతలు

కడప ఎర్రముక్కపల్లెలో ఉన్న మా ఇంటి ల్యాండ్‌లైను రాగి తీగ నుంచి ఇంటర్నెట్ మీదికి మారిన తర్వాత దాదాపు నెల రోజులు, మాకు ఫోను ఉండీ లేనట్టే గడిచింది. గత ఆదివారంతో ఆ ఇబ్బంది తీరింది. తీర్చినవారు నలుగురు. నేను ఎదురుపడి కృతజ్ఞతలు చెప్పబోతే నలుగురూ నవ్వి మాట మార్చేశారు కాబట్టి, వారు చేసింది ఏమిటో అందరికీ తెలిసేలా ఇక్కడ రాస్తున్నాను. పేర్లు రాయడం వారికి ఇష్టం లేదు. అందువల్ల పేర్లు లేకుండానే రాస్తాను.

ఈ రోజుల్లో ల్యాండ్‌లైను ఎందుకు అని అడిగేవారికి ముందుగా మా అమ్మ సంగతి చెప్పాలి. ఆమెకు 84 ఏళ్లు. 1991లో మా నాన్న పెట్టించిన ఆ నంబరు ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో ఉన్న మా బంధువులకు నోటికి వచ్చు. సెల్ ఫోను ఆమెకు అచ్చిరాలేదు. చేతి వేళ్ల చర్మం బాగా ఎండిపోవడం వల్ల, ఆమె ఎన్నిసార్లు తాకినా అద్దం మీద పచ్చ గుర్తు కదలదు. కదిలేసరికి అవతలివారు పెట్టేసి ఉంటారు. చెవి కూడా కొంత మందగించింది. సెల్ ఫోను పాట ఆమెకు వినపడదు కానీ, నంబర్లు తిప్పే మా పాత నల్ల ఫోనులోని రెండు గిన్నెల గంట మాత్రం వంటింట్లో ఉన్నా వినపడుతుంది. అందుకే లైను మారినా ఆ ఫోను మారకూడదని ఆమె పట్టుబట్టింది.

ఇంటర్నెట్ సంస్థ నుంచి వచ్చిన కుర్రవాడు మేడ మీద హాల్లో ఫైబర్ పెట్టె బిగించి, దాని వెనుక ఉన్న ఫోను రంధ్రంలో మా కార్డ్‌లెస్ ఫోను తీగ గుచ్చి, ఒక ఫోను కాలు చేసి చూపించి వెళ్లిపోయాడు. అతని పని అంతవరకే కనుక తప్పు పట్టను. కింద అమ్మ గదిలోని నల్ల ఫోను, కింది హాల్లోని బటన్ ఫోను, ల్యాండ్‌లైనుకు వచ్చే ఫోను ఎత్తేందుకు నా సెల్‌లో వేసుకున్న ఆ సంస్థ యాప్, కరెంటు పోతే ఏం చేయాలన్న ప్రశ్న, ఇవన్నీ మాకే మిగిలాయి. ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి ఒప్పుకోవాలి. రెండో రోజు యాప్‌లో మాట సరిగా రాలేదని, పెట్టె వెనుక చిన్న బెజ్జంలో పిన్నీసు పెట్టి పది సెకన్లు నొక్కిపట్టాను. రౌటరుకు అలా చేస్తే బాగవుతుందని ఎక్కడో విన్నాను. బాగవలేదు సరికదా, ఫోను దీపమే ఆరిపోయింది. మన నంబరు, దాని సంకేతపదం, మాటలు వెళ్లే ప్రత్యేక దారి, అన్నీ ఆ పెట్టెలోనే రాసి ఉంటాయట. నేను నొక్కిన నొక్కుకు అవన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. మరునాడు ఆ సంస్థ కాల్ సెంటర్‌లో మాట్లాడిన అమ్మాయి నన్ను ఒక్క మాట కూడా అనకుండా, ఆ వివరాలన్నీ దూరం నుంచే మళ్లీ ఎక్కించింది. ఆ అమ్మాయి పైన చెప్పిన నలుగురిలో లేదు, ఆమె ఎవరో కూడా నాకు తెలియదు, కానీ ఆమెకూ నా కృతజ్ఞతలు.

ఇంజనీరింగ్ చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చిన పక్కింటి అమ్మాయి ఈ పిన్నీసు కథ విని మొదట చేయించిన పని, పెట్టె సెట్టింగుల పేజీలన్నింటినీ ఒక్కొక్కటిగా ఫోటో తీయించడం. "అంకుల్, ఇకమీదట ఏది మార్చినా మారుస్తున్నట్టు కాగితం మీద రాసుకుని మార్చండి" అని చెప్పింది. యాప్‌లో వచ్చిన చిక్కు విచిత్రమైనది: కాలు మోగుతుంది, ఎత్తితే నా మాట అవతలికి వెళుతుంది, అవతలి మాట నాకు రాదు. సంగతేమిటంటే, కింది అంతస్తులో వైఫై అందడం లేదని నేను నాలుగేళ్ల కిందట కొన్న రౌటరును ఫైబర్ పెట్టెకు తగిలించి ఉంచాను. రెండు పెట్టెలూ ఎవరికి వారే ఇంటి యజమానులమనుకుని పరికరాలకు చిరునామాలు పంచుతున్నాయి. నా ఫోను అవతలికి పంపే ఉత్తరం మీద వీధి చిరునామాకు బదులు లోపలి గది నంబరు పడుతోందని, జవాబు రాసేవారికి ఆ గది ఏ ఇంట్లో ఉందో తెలియదని, అందుకే వారి మాట దారిలో పోతోందని ఆ అమ్మాయి వివరించింది. నాకు అర్థమైన వివరణ అదొక్కటే. ఇంటర్నెట్ ఫోనులో కాలు కలిపే సందేశాలు ఒక దారిన, మాటలు మరో దారిన వెళతాయి కాబట్టి, మోగడం బాగానే ఉండి మాట మాత్రం పోవడం సాధ్యమేనట.

పాత రౌటరులో చిరునామాలు పంచే పని ఆపివేసి, దాన్ని కేవలం వైఫై అందించే యాక్సెస్ పాయింటుగా మార్చింది. సిప్ ఏఎల్‌జీ అనే మీట ఒకటి రౌటర్లలో సాధారణంగా తెరిచే ఉంటుంది. ఇంటర్నెట్ ఫోనుకు సాయం చేయడానికే దాన్ని పెట్టారు కానీ, చాలా రౌటర్లలో అది చేసేది చెరుపే కనుక దాన్నీ మూసివేయించింది. ఆ సాయంత్రమే యాప్‌లో రెండు వైపులా మాట వినపడింది. మొత్తం పనికి గంటన్నర పట్టింది. అందులో గంట సేపు నేను ఆ పాత రౌటరు పాస్‌వర్డు రాసుకున్న డైరీ వెతకడానికే పోయింది.

ఇక అసలు పెద్ద పని నల్ల ఫోనుది. టెలిఫోన్ లైన్‌మ్యాన్‌గా పని చేసి పదవీ విరమణ పొందిన ఒక పెద్దాయన మా వీధి చివర ఉంటారు. 1991లో మా ఇంటికి తీగ లాగింది తానే అని ఆయన వచ్చి చెప్పేదాకా మాకు గుర్తు లేదు. మేడ మీది ఫైబర్ పెట్టె నుంచి ఒక తీగ దించి, ఇంట్లో ఇప్పటికే గోడల వెంట పోయిన పాత ఫోను తీగలకు కలిపేస్తే అన్ని గదుల్లోనూ ఫోన్లు పని చేస్తాయని నేను అనుకుని, ఆ తీగ కొని సిద్ధంగా పెట్టుకున్నాను. ఆయన దాన్ని చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టారు. వసారా గోడకు ఉన్న, ఫోను తీగలు కలిపే గుండ్రటి డబ్బా (రోజెట్) మూత విప్పి, స్తంభం నుంచి వచ్చే రెండు తీగల మీద మీటరు ముల్లులు ఆనించారు. చచ్చిపోయిందనుకున్న లైనులో మీటరు 50 వోల్టులకు దగ్గరగా చూపింది.

"చూడు సార్, లైను పోయిందని మీరంటిరి, ఎక్స్ఛేంజి బ్యాటరీ ఇంకా పోలేదు" అన్నారు. టెలిఫోను ఎక్స్ఛేంజిలో పెద్ద బ్యాటరీల వరుస నుంచి ప్రతి ఇంటికీ 48 వోల్టుల డీసీ కరెంటు తీగ వెంట వస్తుంది. మాట చెడిపోయినా, గరగర వచ్చినా, ఆ కరెంటు మాత్రం రావచ్చు. దాన్ని విడదీయకుండా ఫైబర్ పెట్టె తీగను కలిపి ఉంటే రెండు కరెంటులు ఎదురెదురై కొత్త పెట్టె ఫోను భాగం కాలిపోయినా కాలిపోయేది. పైగా వానాకాలం పిడుగు పడితే బయటి రాగి తీగ దాన్ని నేరుగా ఇంట్లోకి తెచ్చే ప్రమాదం ఉంది. ఆయన స్తంభం నుంచి వచ్చే రెండు తీగలనూ రోజెట్ నుంచి పూర్తిగా విప్పి, చివరలకు విడివిడిగా టేపు చుట్టి, గోడకు బయట మడిచి కట్టారు. ఆ తర్వాతనే లోపలి తీగలకు పైనుంచి దించిన తీగను కలిపారు. ఇంటర్నెట్ ఫోనును ఇంటి పాత తీగలకు కలపాలనుకునే వారెవరైనా ఈ ఒక్క పని మాత్రం మరవకూడదని ఆయన నాతో రెండుసార్లు చెప్పారు కాబట్టి, నేనూ ఇక్కడ నొక్కి చెబుతున్నాను.

కలిపిన తర్వాత కాలు చేసి చూస్తే, మేడ మీది కార్డ్‌లెస్, హాల్లోని బటన్ ఫోను చక్కగా మోగాయి. నల్ల ఫోను మాత్రం గొంతు పట్టినట్టు ఒక్కసారి 'కిర్' మని ఆగిపోయింది. అమ్మ ముఖం చిన్నబోయింది. పెద్దాయన ఆ ఫోను అడుగు పలక విప్పి, గిన్నెల మధ్య ఉన్న చిన్న సుత్తిని వేలితో అటూ ఇటూ కదిపి, జాగ్రత్తగా గుడ్డతో దుమ్ము తుడిచి మళ్లీ బిగించారు. అయినా అంతే. లోపం గంటలో లేదు. ఎక్స్ఛేంజి పంపే రింగు కరెంటు కిలోమీటర్ల దూరం వెళ్లి గంటను ఆడించేంత బలంగా ఉండేది. ఇంట్లో కూర్చున్న ఈ చిన్న పెట్టె పంపేది కొద్దిపాటి ఫోన్లకు సరిపడేంతే. కొత్త ఫోన్లలో బుల్లి స్పీకరు కనుక తక్కువతో సరిపెట్టుకుంటాయి, గిన్నెల గంటకు ఎక్కువ కావాలి. మూడింటినీ ఒకే తీగకు కట్టేసరికి పెద్దదానికి ఆకలి తీరలేదు. హాల్లోని ఫోను విప్పేశాక నల్ల ఫోను గట్టిగా, ఆగకుండా మోగింది. అమ్మ వంటింట్లోంచి "వస్తి వస్తి" అని కేక వేసింది. అది పరీక్ష కోసం చేసిన కాలని చెప్పినా ఎత్తి, పెద్దాయనతో రెండు నిమిషాలు మాట్లాడింది.

మోగడం వరకే మా అదృష్టం. నల్ల ఫోనులో నంబరు తిప్పితే కాలు వెళ్లలేదు, ఇప్పటికీ వెళ్లదు. డయల్ తిప్పే ఫోను, 4 తిప్పితే లైనును నాలుగుసార్లు, సున్నా తిప్పితే పదిసార్లు తెంపి కలుపుతుంది. ఎక్స్ఛేంజి ఆ తెంపులు లెక్కపెట్టుకునేది. బటన్ ఫోను అయితే ప్రతి అంకెకు రెండు స్వరాలు కలిపి పంపుతుంది. మా పెట్టెకు స్వరాలే తెలుసు, తెంపులు లెక్కపెట్టడం తెలియదు. దీనికి పెద్దాయన చెప్పిన ఉపాయం సులువైనది: హాల్లోంచి విప్పిన బటన్ ఫోనునే తెచ్చి నల్ల ఫోను పక్కన పెట్టి, దాని అడుగున ఉన్న రింగు మీటను ఆపేశారు. అయినా ఇబ్బంది వస్తుందేమోనని పక్కింటి అమ్మాయి తన సెల్ నుంచి ఆరుసార్లు కాలు చేసి, గంట ఒక్కసారి కూడా మందగించలేదని నిర్ధారించింది. ఇప్పుడు వచ్చే కాలు నల్ల ఫోనులో, పోయే కాలు బటన్ ఫోనులో.

మూడోవారు మా వీధిలో పని చేసే ఎలక్ట్రీషియన్. రాగి తీగ రోజుల్లో ఊరంతా చీకటైనా ఫోను పని చేసేది, కారణం ఆ ఎక్స్ఛేంజి బ్యాటరీలే. ఇప్పుడు 12 వోల్టుల అడాప్టరుకు కరెంటు పోతే ఫోనూ పోతుంది. ఆయన పెట్టె ఉన్న ప్లగ్గును ఇన్వర్టరు లైనుకు మార్చారు. అయినా కరెంటు పోయిన ప్రతిసారీ పెట్టె ఆరి వెలిగి, రెండు మూడు నిమిషాలకు గాని ఫోను దీపం వచ్చేది కాదు. ఇన్వర్టరు వెనుక 'నార్మల్' అని ఉన్న మీటను 'యూపీఎస్' వైపు తిప్పగానే ఆ ఆరడం తగ్గింది. అయితే ఆ మీట మీద ఇన్వర్టరు తక్కువ వోల్టేజీని ఓర్చుకోదు, వెంటనే బ్యాటరీకి మారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మా వీధిలో మధ్యాహ్నం వోల్టేజీ ఎలా పడిపోతుందో ఇక్కడివారికి తెలుసు. అలా అయితే బ్యాటరీ పగలే అయిపోయి రాత్రికి ఫ్యాను తిరగదు. ఆయనే ఆలోచించి, మీటను మళ్లీ నార్మల్‌కు తిప్పి, రౌటర్లకు విడిగా దొరికే చిన్న 12 వోల్టుల బ్యాటరీని (మినీ యూపీఎస్) పెట్టెకూ అడాప్టరుకూ మధ్య పెట్టించారు. తీగ, ప్లగ్గు ఖరీదు మాత్రం తీసుకున్నారు, కూలి తీసుకోలేదు.

కార్డ్‌లెస్ ఫోనులో వచ్చిన గురగుర, దాని అడుగు పెట్టెను వైఫై పెట్టె మీది నుంచి తీసి ఆరడుగుల దూరంలో పెట్టగానే పోయింది.

నాలుగో వ్యక్తి మా మేనకోడలు. అన్నీ అయ్యాక కూడా అమ్మ చేసే ఫోను కాల్స్ సగం వెళ్లేవి కావు. మళ్లీ పెట్టెదే తప్పనుకుని నేను పిన్నీసు కోసం చూస్తుండగా, మేనకోడలు అమ్మ నంబర్ల నోటుబుక్కు తెరిచింది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైను నుంచి ఏ సెల్ ఫోనుకు చేసినా ముందు సున్నా కొట్టాలి. అమ్మ పుస్తకంలోని సెల్ నంబర్లలో చాలా వాటికి సున్నా లేదు. రాగి లైను చివరి ఏళ్లలో గరగర వల్ల అమ్మ తానుగా ఎవరికీ చేయనే లేదు కనుక, ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు. మేనకోడలు ఒక మధ్యాహ్నమంతా కూర్చుని ఎర్ర పెన్నుతో ప్రతి సెల్ నంబరు ముందూ సున్నా, చివర చదరపు గళ్ల గుర్తు (#) వేసింది. ఆ చివరి గుర్తు నొక్కితే నంబరు అయిపోయిందని పెట్టె గ్రహించి వెంటనే కాలు కలుపుతుంది. నొక్కకపోతే ఇంకా అంకెలు వస్తాయేమోనని నాలుగైదు సెకన్లు ఆగుతుంది. ఆ నిశ్శబ్దాన్ని అమ్మ 'లైను చచ్చింది' అనుకుని పెట్టేసేది.

నలుగురికీ మా ఇంటిల్లిపాదీ తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు. ఆదివారం మధ్యాహ్నం ఓళిగలు చేసి, లైన్‌మ్యాన్ పెద్దాయనను భోజనానికి రమ్మని పిలవడానికి అమ్మ తానే ఫోను దగ్గర కూర్చుంది. సున్నా మరచి నాలుగు అంకెలు నొక్కి, నాలుక కరుచుకుని, పెట్టేసి, ఎర్ర సున్నా మీద వేలు పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి నొక్కింది. ఆయన మొదటి రింగుకే ఎత్తారు.