రాత్రి అన్నం మానకు బిడ్డా

నల్గొండ,
ఉగాది వెళ్లిన వారం

బిడ్డా,

ఆదివారం ఫోన్‌లో నువ్వు రెండు మాటలు చెప్పావు. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్‌కు పేరిచ్చానన్నావు. ఆ మాటకు మీ నాన్నా నేనూ ఎంత సంతోషపడ్డామో చెప్పలేను. అప్పటికల్లా పన్నెండు కిలోలు తగ్గాలని రాత్రి భోజనం మానేశానన్నావు. ఆ మాట మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు. ఫోన్‌లో మొదలుపెడితే నీకు మీటింగ్ వస్తుంది, మాట సగంలో తెగుతుంది. అందుకే రాస్తున్నాను. అమ్మ చాదస్తం అనుకోకు. ఇన్నేళ్లు ఏఎన్ఎంగా, అంటే ఊరి ఆరోగ్య కార్యకర్తగా, ఊళ్లు తిరిగి, ఆడపిల్లల రక్తం పరీక్షలు చూసిన మనిషి చెబుతున్న మాటలుగా చదువు.

బరువు తగ్గడం మంచిదే. ఇరవై ఒక్క కిలోమీటర్లు పరుగెత్తడం ఇంకా మంచిది. కానీ ఈ రెంటినీ ఒకేసారి, అదీ తొందరతో చేయబోతే రెండూ చెడతాయి. నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు లెక్క చూడు. పరుగెత్తేటప్పుడు కిలోమీటరుకు, మన బరువులో ఒక్కో కిలోకు, సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. నువ్వు 78 కిలోలు. ఐదు కిలోమీటర్లు పరుగెత్తితే 390 కేలరీలు పోతాయి. ఒంట్లో పేరుకున్న ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలు ఉంటాయి. అంటే తిండి ఏమీ మార్చకుండా పరుగుతోనే ఒక్క కిలో కరగాలంటే వంద కిలోమీటర్లు పరుగెత్తాలి. నల్గొండ నుంచి హైదరాబాద్ ఎంత దూరమో అంత. అందుకే రెండు వారాలు పరుగెత్తి, కాటా మీద ముల్లు కదల్లేదని తిండి ఇంకా తగ్గించేస్తారు. నువ్వు చేసింది అదేనని నా అనుమానం.

రోజుకు 500 కేలరీలు తక్కువపడితే వారానికి అరకిలో దాకా తగ్గుతావు. అది చాలు. అందులో సగం పరుగే చూసుకుంటుంది. మిగతా సగం కోసం రాత్రి కంచం ముందు నుంచి లేచిపోనక్కర్లేదు. ఆఫీసులో తాగే చక్కెర కాఫీలు, సాయంత్రం చిప్స్ ప్యాకెట్, శుక్రవారం రాత్రి యాప్‌లో తెప్పించుకునే బిర్యానీ, ఇవి తగ్గిస్తే లెక్క సరిపోతుంది. ఆగస్టు నాటికి ఏడెనిమిది కిలోలు తగ్గినా నాకు చాలా గొప్ప. పరుగు రోజు దగ్గర పడ్డాక, చివరి మూడు నాలుగు వారాలు మాత్రం బరువు మాటే ఎత్తకు. కడుపునిండా తిను.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, తిండి తగ్గించి పరుగు పెంచితే ఒళ్లు ముందుగా కొవ్వునొక్కదాన్నే తీసుకోదు. కండను కూడా కరిగిస్తుంది. కాటా మీద అంకె తగ్గుతుంది, కాళ్లలో బలం పోతుంది. ఆ తర్వాత నెలసరి తప్పడం మొదలవుతుంది. చాలామంది ఆడపిల్లలు ఎక్సర్‌సైజ్ చేస్తే ఇలాగే ఉంటుందిలే అని దాన్ని వదిలేస్తారు. అది వదిలేసే విషయం కాదు. ఒంటికి సరిపడా తిండి అందడం లేదని శరీరం చెబుతున్న మాట అది. నెలసరి ఆగితే ఈస్ట్రోజెన్ తగ్గుతుంది, ఎముక పలచబడుతుంది. అలాంటి ఎముక మీద రోజూ పరుగు పడితే సన్నని వెంట్రుకంత పగులు వస్తుంది. అది మానాలంటే నెలల తరబడి విశ్రాంతి తీసుకోవాలి.

ఎముకల విషయంలో నాకు భయం ఎక్కువ. ఎందుకో నీకు తెలుసు. మీ అమ్మమ్మది మర్రిగూడ వైపు ఊరు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ తాగీ తాగీ ఆమె నడుము ముసలితనం రాకముందే వంగిపోయింది. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటితే మంచిది కాదంటారు. అక్కడి బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. కృష్ణా నీళ్లు ఇంటికి వచ్చేసరికి ఆమె మంచం దిగలేని స్థితిలో ఉంది. పొలం గట్ల మీద నడవాలని ఎంత ఆశపడేదో. ఎముక గట్టిపడేది దాదాపు 30 ఏళ్ల దాకానే. నీకు ఇప్పుడు 27. ఈ మూడేళ్లలో నువ్వు తినే తిండి, నువ్వు చేసే కసరత్తు నీకు అరవై ఏళ్లు వచ్చినప్పుడు పనికొస్తాయి. నిన్ను పస్తు ఉండనివ్వలేనిది అందుకే.

ఇక ఏం తినాలో. మన తిండిలో దొరకనిది ఏమీ లేదు. పొద్దున పరుగుకు అరగంట ముందు ఒక అరటిపండు చాలు. పరుగు అయ్యాక గంటలోపు రెండు ఉడకబెట్టిన గుడ్లు తిను, ఒక్కోదాంట్లో ఆరు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. గుడ్డు తినాలని లేని రోజు పెసర్ల గుడాలో, బొబ్బెర గుడాలో చేసుకో. మధ్యాహ్నం ఆఫీసులో అన్నం కొంచెం తగ్గించి పప్పు, కూర రెట్టింపు చేయి. రాత్రి రెండు జొన్న రొట్టెలు, పప్పు, ఒక గిన్నె పెరుగు. ఇది మానకూడదు. ఎనిమిది లోపు తినేస్తే నిద్రా బాగుంటుంది. ఎండాకాలమంతా తైదంబలి, అదే రాగి అంబలి, తాగు. తైదల్లో ఉన్నంత కాల్షియం వేరే ధాన్యంలో లేదు. పల్లీలు మంచివే గాని గుప్పెడు దాటొద్దు. వంద గ్రాముల పల్లీల్లో 560 కేలరీలకు పైనే ఉంటాయి. టీవీ ముందు కూర్చుని తింటే వంద గ్రాములు ఎప్పుడు అయిపోయాయో కూడా తెలియదు.

పరుగు పెంచకముందే రక్తం పరీక్ష చేయించు. హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్, థైరాయిడ్, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ. దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. 12 గ్రాముల కంటే తక్కువ హిమోగ్లోబిన్‌తో ఎంత పట్టుదలగా పరుగెత్తినా ఆయాసమే మిగులుతుంది. నాకు స్టామినా లేదు అని బాధపడే ఆడపిల్లల్లో ఎంతోమందికి తక్కువైంది ఐరన్. బడిలో మీకు నీలం రంగు ఐరన్ మాత్రలు ఇచ్చింది ఇందుకే. పుంటికూర, తోటకూర తిన్నప్పుడు నిమ్మకాయ పిండుకో, ఐరన్ బాగా ఒంటికి పడుతుంది. నకిరేకల్ నిమ్మకాయలు, మన బత్తాయిలు ఉండగా మనకు విటమిన్ సి కరువు ఏముంది? అన్నం తిన్న వెంటనే టీ మాత్రం తాగకు. ఒక గంట ఆగు.

పరుగు గురించి నాకేం తెలుసంటావేమో. పొద్దున్నే నేను మేకల అభినవ్ స్టేడియంలో నడుస్తాను కదా, అక్కడ చూసి నేర్చుకున్నాను. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు ప్రాక్టీస్ చేసే పిల్లలు తెల్లవారకముందే వస్తారు. 2022 నోటిఫికేషన్ ప్రకారం ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో, మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో దాటాలి. దానికోసం రోజూ ప్రాణం పెట్టి ఉరుకుతారు. పల్లెల నుంచి మొదటి బస్సుకు వచ్చే ఆ ఆడపిల్లలను చూస్తే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది. కానీ వాళ్ల పద్ధతి నీకు పనికిరాదు. వాళ్లది కొద్ది నిమిషాల పని, నీది రెండున్నర మూడు గంటల పని. వాళ్లలా రోజూ గడియారం పెట్టుకుని ఉరికితే నెల తిరగకుండా మోకాలి కింద ముందు ఎముక నొప్పి పట్టుకుంటుంది. ఆ నొప్పితో కుంటుతూ వెళ్లిన పిల్లలను అక్కడే చూశాను.

నువ్వు మెల్లగా పరుగెత్తు. ఎంత మెల్లగా అంటే, పక్కన ఎవరైనా ఉంటే ఆయాసం లేకుండా పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట తెగుతోందంటే స్పీడ్ ఎక్కువైందని అర్థం. మొదటి మూడు నాలుగు వారాలు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, అలా అరగంట. తర్వాత పరుగు నిమిషాలు పెంచు, నడక తగ్గించు. మధ్యలో నడవడంలో నామోషీ ఏమీ లేదు. వారానికి నాలుగు రోజులు చాలు. ఆదివారం మాత్రం కొంచెం దూరం వెళ్లు, వారానికి ఒక కిలోమీటరు చొప్పున పెంచు, నాలుగో వారం తగ్గించి కాళ్లకు తెరిపి ఇవ్వు. మిగతా రోజుల్లో రెండు రోజులు ఇంట్లోనే గుంజీళ్లు, మెట్లు ఎక్కడం, మడమలు పైకెత్తి నిలబడటం చేయి. కాళ్లకు, నడుముకు బలం ఉంటే మోకాలి మీద భారం తగ్గుతుంది. జూలై నెలాఖరుకు పదహారు కిలోమీటర్లు నడక కలుపుకునైనా హాయిగా పూర్తి చేయగలిగితే హాఫ్‌కు వెళ్లు. లేకపోతే 10కె పరుగెత్తు. పది కిలోమీటర్లు తక్కువేమీ కాదు.

ఇంకో మాట ఎవరూ చెప్పరు గనుక నేను చెబుతున్నాను. బొద్దుగా ఉన్న ఆడపిల్లలకు తొడలు ఒరుసుకుని పుండ్లు పడతాయి. సిగ్గుపడి చెప్పుకోరు, పరుగే మానేస్తారు. బయలుదేరే ముందు వాజలైన్ రాసుకో, మోకాళ్ల దాకా ఉండే బిగుతు షార్ట్స్ వేసుకో. సరిగ్గా పట్టి ఉంచే స్పోర్ట్స్ బ్రా కొను, డబ్బులకు వెనకాడకు. షూ సాయంత్రం వెళ్లి కొను, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. ముందు బొటనవేలు మందం ఖాళీ ఉండాలి. ఖరీదు చూసి కొనొద్దు, వేసుకుని నాలుగడుగులు పరుగెత్తి చూసి కొను.

మే నెల గుర్తుంచుకో. మన దగ్గర 45 డిగ్రీలు దాటిన రోజులుంటాయి, మీ దగ్గర కాంక్రీటు వేడి రాత్రి కూడా చల్లారదు. ఐదున్నరకు ముందే బయలుదేరి ఏడులోపు ఇంటికి చేరు. గంట దాటే పరుగుకు ఓఆర్‌ఎస్ తీసుకెళ్లు. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలోనే కలపాలి, తక్కువ నీళ్లలో కలపొద్దు. దాహాన్ని బట్టి తాగు. భయంతో ఉత్త నీళ్లు లీటర్ల కొద్దీ తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి అదీ ప్రమాదమే. తల తిరిగినా, ఒళ్లు జలదరించినా, ఛాతీలో పట్టేసినట్టున్నా ఆ క్షణమే ఆగి నీడకు వెళ్లు. ఇంకొక్క కిలోమీటరే కదా అనుకోకు.

పెళ్లిలో మీ చిన్నమ్మ అన్న మాట నీ మనసులో ఉందని నాకు తెలుసు. ఈ బరువుతో సంబంధాలు ఎట్లా కుదురుతాయని అందరి ముందూ అంది. ఆ మాట కోసం నువ్వు ఒక్క పూట కూడా తిండి మానొద్దు. ఆమెతో నేను మాట్లాడాను, ఇక అనదు. నువ్వు బరువు తగ్గాలని నేనూ అంటున్నాను, నా కారణం వేరు. మీ నాన్నకు నలభై దాటగానే షుగర్ వచ్చింది, పెదనాన్నకు ఇంకా ముందే వచ్చింది. మన దేశపు వాళ్లకు బీఎంఐ, అంటే ఎత్తును బట్టి చూసే బరువు లెక్క, 23 దాటగానే అధిక బరువు అంటారు, ఆడవాళ్లకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటొద్దంటారు. అందుకే రోజూ కాటా ఎక్కడం మానేసి, నెలకొకసారి టేపుతో నడుము కొలుచుకో. కండ పెరిగి కొవ్వు తగ్గినప్పుడు కాటా కదలకపోవచ్చు, టేపు మాత్రం కదులుతుంది.

ఆడపిల్లకు అంత దూరం పరుగెందుకు అని మీ మేనత్త కూడా అడిగింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు మారథాన్ పెట్టిందే 1984లో, అంతకుముందు వాళ్ల ఒళ్లు తట్టుకోదనేవాళ్లు అని చెప్పాను. నాట్లకు, కలుపులకు తెల్లవారకముందే మైళ్లు నడిచి వెళ్లి, రోజంతా వంగి పనిచేసి, మళ్లీ నడిచి వచ్చి వంట చేసిన ఆడవాళ్ల ఇంట్లో పుట్టి మనం ఆ మాట అనకూడదని కూడా చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని, పరుగు ఎక్కడ మొదలవుతుంది అని అడిగింది.

నెక్లెస్ రోడ్ నుంచి గచ్చిబౌలి దాకా దారిలో ఫ్లైఓవర్లు ఎక్కువంటున్నారు. ఆగస్టులో ఉక్క కూడా ఉంటుంది. అందుకని మే చివర్లో ఇంటికి వచ్చినప్పుడు పానగల్లు చెరువు కట్ట మీద కలిసి వెళ్దాం, నువ్వు పరుగెత్తు, నేను నడుస్తాను. ఎత్తు ఎక్కడం అలవాటు కావాలంటే లతీఫ్ సాహెబ్ గుట్ట మెట్లు ఉన్నాయి.

జొన్నపిండి, తైదలపిండి, వేయించిన పల్లీలు ఆర్టీసీ కార్గోలో వేస్తున్నాను, దిల్‌సుఖ్‌నగర్‌లో తీసుకో. పిండి డబ్బాలో మూత గట్టిగా పెట్టు, పురుగు పడుతుంది. శనివారం రక్తం ఇచ్చి రిపోర్టు నాకు వాట్సాప్‌లో పెట్టు. ఈ రాత్రి రొట్టె చేసుకుని తిన్నాకే నాకు ఫోన్ చేయి.

మీ అమ్మ