మైకు కన్నా ముందు కాలప్రమాణం

సంపాదకులకు,

అయ్యా,

ఊరికొకరుగా ఉన్న కళాకారులు ఎవరింట్లో వాళ్ళు రికార్డు చేసుకుని ఒక పాటగా కలపడం మీద వచ్చే వ్యాసాలు ఎక్కువగా మైకుల ధరల దగ్గర మొదలై అక్కడే ఆగిపోతున్నాయి. మైకు వల్ల పాట చెడడం తక్కువే. రికార్డింగుకు ముందు మాట్లాడుకోవాల్సినవి మాట్లాడుకోకపోవడం వల్లే చెడుతుంది. గాయని హైదరాబాద్‌లో, వయొలిన్ విజయవాడలో, మృదంగం న్యూజెర్సీలో ఉన్నాయనుకుని, ఆరు నిమిషాల కృతిని ఉదాహరణగా తీసుకుని రాస్తున్నాను.

వీడియో కాల్‌లో ముగ్గురూ ఒకేసారి వాయించి రికార్డు చేద్దామనే ఆలోచన ముందే మానుకోవాలి. ఆలస్యం 25, 30 మిల్లీసెకన్లు దాటితే లయ జారిపోతుంది. హైదరాబాద్ నుంచి న్యూజెర్సీకి సుమారు 13 వేల కిలోమీటర్లు. ఫైబర్ తీగలో కాంతి తిన్నగా వెళ్ళినా ఒకవైపు ప్రయాణానికే 65 మిల్లీసెకన్లు పడుతుంది. కాల్‌లో అది ఇంకా పెరుగుతుంది. నిమిషానికి 80 అక్షరాల (తాళం దెబ్బల) వేగంతో, అంటే ఆ కాలప్రమాణంతో, ఆదితాళం వేస్తే అక్షరానికి 750 మిల్లీసెకన్లు. కాల్‌లో ఆలస్యం పెరిగి అందులో 190 పోయాయంటే, ఆ అక్షరంలో పలికే త-క-ధి-మి నాలుగింటిలో ఒకటి పోయినట్టే. ఒకే ఊళ్ళో ఉన్నవాళ్ళు వైఫై వదిలి కేబుల్ పెట్టుకుని తక్కువ ఆలస్యంతో శబ్దం పంపే సోనోబస్, జాక్‌ట్రిప్ లాంటి సాఫ్ట్‌వేర్లతో సాధన చేసుకోవచ్చు. సముద్రం దాటితే మాత్రం ఒకరి తర్వాత ఒకరు రికార్డు చేయడమే దారి.

అందుకు ముందుగా పైలట్ ఫైలు, అంటే అందరూ వింటూ తమ వంతు రికార్డు చేసుకునే నమూనా ఫైలు, కావాలి. అందులో తంబురా, తాళం క్లిక్ (ప్రతి అక్షరానికీ పడే టిక్కు శబ్దం), గాయని మామూలుగా పాడిన పాట ఉండాలి. పాటకు ముందు ఒక పూర్తి ఆవర్తం (తాళం ఒక చుట్టు, ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు) ఖాళీ క్లిక్ వదలాలి. 80 వేగంలో అది సరిగ్గా ఆరు సెకన్లు. ఆదితాళంలో ఒకటి, అయిదు, ఏడు అక్షరాల మీద క్లిక్ శబ్దం వేరుగా ఉంటే లఘువు, ద్రుతాలు అనే తాళ భాగాలు చెవికి తెలుస్తాయి. ఏడు అక్షరాల మిశ్రచాపుకైతే మూడు, రెండు, రెండుగా నొక్కులు పెట్టాలి. పాట ఎత్తుగడ సమం (ఆవర్తం మొదటి దెబ్బ) మీద కాకుండా ఒకటిన్నర అక్షరం తర్వాత ఉంటే ఆ విషయం కాగితం మీద రాసి పంపాలి. పల్లవికి ఎన్ని సంగతులు (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు), ఏది ఎన్నిసార్లు అన్నదీ రాయాలి. గాయని ఒక సంగతి ఎక్కువ పాడితే అక్కడి నుంచి మృదంగం మొత్తం పక్కకు జరుగుతుంది.

తంబురాను ఎవరి ఫోన్‌లో వాళ్ళు పెట్టుకోకూడదు. శ్రుతి అయిదున్నర అని అందరూ ఒప్పుకున్నా, ఒకరి యాప్ ప్రమాణ స్వరం 440 హెర్ట్‌జ్ మీద, ఇంకొకరిది 443 మీద ఉంటే మధ్య స్థాయి షడ్జం దగ్గర నాదం రెండు సెకన్లకు దాదాపు మూడుసార్లు అలలా హెచ్చి తగ్గుతుంది. పైలట్‌లోని తంబురానే అందరూ హెడ్‌ఫోన్‌లో వినాలి. అది మైకులోకి రాకూడదు. చివర్లో ఒకే ఒక్క తంబురా కలుపుకోవాలి.

మొదట మృదంగం, దాని మీద గాయని అసలు గానం, చివర వయొలిన్ అయితే బాగుంటుంది. వయొలిన్‌ను ముందే వాయించేస్తే గొంతు వెంట నీడలా నడవాల్సిన వాద్యం గొంతుకన్నా ముందు నడుస్తుంది. అప్పటికప్పుడు అల్లుకునే నెరవలు, కల్పనస్వరాలు ఈ పద్ధతికి లొంగవు. ఒకరి చూపు ఒకరికి అందే చోట పుట్టేవి అవి. వాటికి ఒకే గదిలో కూర్చోవాల్సిందే.

పరికరాల్లో మైకును కంప్యూటర్‌కు కలుపుతూ దానికి 48 వోల్టుల కరెంటు (ఫాంటమ్ పవర్) ఇచ్చే ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు, చెవులను పూర్తిగా మూసే వైరు హెడ్‌ఫోన్ చాలు. బ్లూటూత్ వద్దు, ఆలస్యం అక్కడా ఉంది. పాటకు మైకు జానెడు దూరంలో, మధ్యలో ఊపిరి దెబ్బను ఆపే పాప్ ఫిల్టర్‌తో ఉండాలి. అతి పెద్ద స్వరం దగ్గర కూడా రికార్డింగ్ మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. ఫ్యాను, ఏసీ ఆపాలి. గాయని వెనక రెండు రజాయిలు వేలాడదీస్తే గది మోత చాలా వరకు తగ్గుతుంది. క్లిక్ శబ్దం ఎక్కువ పెట్టుకుంటే హెడ్‌ఫోన్ నుంచి మైకులోకి దూరుతుంది. పాట సన్నగిల్లే చోట అది టిక్కుమంటూ బయటపడుతుంది, తర్వాత తీయడం కుదరదు. మృదంగానికి ఎడమవైపు పెట్టిన రవ్వ ఆరేకొద్దీ నాదం మారుతుంది కాబట్టి ప్రతి టేకుకు ముందు పైలట్ తంబురాతో సరిచూసుకోవాలి.

ఒక ఫోన్‌లో పైలట్ వింటూ ఇంకో ఫోన్‌లో రికార్డు చేసే అలవాటు మానాలి. రెండిటి లోపలి గడియారాలు ఒకే వేగంతో నడవవు. పది లక్షలకు 50 పాళ్ళ తేడా ఉన్నా ఆరు నిమిషాలకు 18 మిల్లీసెకన్లు జరుగుతుంది. మొదట్లో సరిపోయిన మృదంగం చరణానికి వచ్చేసరికి వదులైనట్టు వినిపిస్తుంది. తప్పు వాయించినవారిదేమో అనుకుంటారు. వినడం, రికార్డు చేయడం ఒకే ఇంటర్‌ఫేస్ మీద జరిగితే ఈ తేడా రాదు.

అందరూ 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్, మోనో వేవ్ ఫైళ్ళే పంపాలి. ఒకరు 44.1లో పంపితే కొన్ని సాఫ్ట్‌వేర్లు మార్చుకుంటాయి, కొన్ని అలాగే వాయిస్తాయి. అలా వాయిస్తే ఆరు నిమిషాల పాట అయిదున్నర నిమిషాల్లో ముగిసి, శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పైకి ఎక్కుతుంది. ప్రతి ఫైలూ పైలట్ ఫైలు మొదలయ్యే సున్నా సెకను దగ్గరే మొదలవ్వాలి. పాట మొదలయ్యే చోటికి కత్తిరించి పంపితే కలిపేవాళ్ళకు నరకం. రివర్బ్ (కృత్రిమంగా కలిపే ప్రతిధ్వని) వేయకుండా పంపాలి. అలాంటి ఫైలు నిమిషానికి 8.64 మెగాబైట్లు, మొత్తం పాటకు 52 దాకా. వాట్సాప్‌లో ఆడియోగా పంపితే కుదించేయవచ్చు, డాక్యుమెంటుగా పంపాలి. ఫైలు పేరులోనే వాద్యం, శ్రుతి, వేగం, ఎన్నో టేకు అన్నవి ఉండాలి.

ఉగాదికి, ఆరాధనోత్సవాలకు ఇక్కడి పిల్లలనూ విదేశాల్లోని తెలుగు పిల్లలనూ ఇలా కలిపి పాడించే సంగీత గురువులు, సంఘాలవారు పైలట్ ఫైలునూ సంగతుల కాగితాన్నీ పిల్లలకు కనీసం రెండు వారాల ముందు అందించమని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సౌండ్ ఇంజనీరు, విజయవాడ