మూడొందల రెండు గారి పెట్రోల్ పద్దు

వనస్థలిపురం, హైదరాబాద్
11 ఏప్రిల్ 2022, సోమవారం, పొద్దున 6:40

ఒరేయ్ బావా,

ముందు తిట్టేసి తర్వాత చదువు. సంక్రాంతికి నువ్వు రాసినదానికి ఉగాది వెళ్ళాక జవాబిస్తున్నాను, తప్పు నాదే. వాట్సాప్‌లో నాలుగుసార్లు మొదలుపెట్టి చెరిపేశాను. వాయిస్ మెసేజ్ పెడదామంటే ఇంట్లో అందరి చెవులూ ఇటే ఉంటాయి. ఇది మా అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలియకూడని సంగతి. మా ఆవిడకి కూడా చెప్పలేదు. అలాగని దాచుకోవడం నా వల్ల అవుతుందా? సైదాబాద్ వ్యవహారం ఎంతసేపు దాచాను? రెండు గంటలు. అదే నా రికార్డు. ఇది ఐదు రోజులైంది, చూడు.

ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తాను. అమ్మ మోకాలు పర్వాలేదు. చిన్నదానికి పరీక్షలు. గ్యాస్ బండ 1002 అయింది. నిమ్మకాయ ఒక్కటి పది రూపాయలనేసరికి నిన్న శ్రీరామనవమికి పులిహోర చింతపండుతోనే కానిచ్చాం. బావమరిది తన బండి మీదున్న చలాన్లన్నీ కట్టేశాడు, డెబ్బై అయిదు శాతం తగ్గింపు ఈ నెల పదిహేను దాకానే కదా. తప్పు చేసినవాడికి డిస్కౌంటు, పెట్రోల్ పోయించుకున్నవాడికి వాత. సరే, అయిపోయాయి కబుర్లు.

ఇప్పుడు అసలు కథ. ఒకటో తారీఖు దాటగానే మా ఆఫీసువాళ్ళు "రండి బాబూ" అన్నారు. రెండేళ్ళు లుంగీ మీద మీటింగులు చేసినవాడిని, మళ్ళీ రోజూ రాయదుర్గం! పోను ముప్పై కిలోమీటర్లు, రాను ముప్పై. మన డొక్కు కారు ట్రాఫిక్‌లో లీటరుకి పదమూడు ఇస్తే గొప్ప. పెట్రోలేమో ఎప్పుడు పెరిగింది? సరిగ్గా అప్పుడే. నవంబరు 4 నుంచి 137 రోజులు 108.20 దగ్గర శిలలా కూర్చుంది. ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైనా కదల్లేదు. మార్చి 10న ఐదు రాష్ట్రాల ఫలితాలొచ్చాయి, 22న మొదలైంది చూడు, పదహారు రోజుల్లో పద్నాలుగుసార్లు. ఆరో తారీఖుకి 119.49. మీ బెంగళూరులో 111.09 అట కదా, ఎనిమిది నలభై తక్కువ. ఈసారి వచ్చేటప్పుడు మైసూర్‌పాక్ వద్దు, ట్యాంకు నింపుకుని రా. మా ఇంటి ముందు పైపు పెట్టి లాగుదాం, ఆ విద్య నీకు తెలుసు. (హాస్టల్ కిరోసిన్ గురించి నేనేమీ అనలేదు.)

రోజుకి లెక్కేస్తే ఇప్పటి రేటుకి 551 రూపాయలు. గుండె గుభేలుమంది. ఉగాది సాయంత్రం సెల్లార్‌లో పంచాంగ శ్రవణం పెట్టారు. శుభకృత్ నామ సంవత్సరం, నా రాశికి వ్యయం ఎక్కువట. అది చెప్పడానికి పంతులుగారు కావాలా? ఆ పొద్దున కూడా తొంభై పైసలు పెరిగింది. అక్కడే ప్రసాదం తింటూ నలుగురం కలిసి ఒకే కారులో వెళ్దామనుకున్నాం. నేను, 105 ఫ్లాట్‌లో చెవుల్లోంచి హెడ్‌ఫోన్ తీయని కుర్రాడు, 404 మేడమ్, 302 గారు.

302 గారు అంటే నీకు తెలుసు. పోయినసారి వచ్చినప్పుడు లిఫ్ట్‌లో నిన్ను "ఎన్ని రోజులుంటారు?" అని అడిగి, నీళ్ళ మోటారు కరెంటు లెక్క చెప్పాడే, ఆయన. అకౌంట్స్ మనిషి. మార్చి 22 నుంచి రోజూ పొద్దున 6:05కి అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆ రోజు పెట్రోల్ రేటు, డీజిల్ రేటు, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా పెట్టేవాడు. ఢిల్లీలో ఎనభై పైసలు పెరిగితే మనకి తొంభై ఎందుకవుతుందో ఒక రోజు వివరంగా రాశాడు. కేంద్రం సుంకం లీటరుకింత అని స్థిరంగా ఉంటుంది, 27.90. మన రాష్ట్రం వేసే వ్యాట్ పన్ను శాతంలో, 35.20. అందుకని అసలు ధర పెరిగితే పన్నూ దాంతోపాటు పెరుగుతుంది. బాగానే చెప్పాడు పాపం. నేనేం చేశానో తెలుసా? కింద "ఆకాశవాణి, 302 కేంద్రం, ఇంతటితో వార్తలు సమాప్తం" అని పెట్టాను. పదిహేడు మంది నవ్వారు. ఆయన దండం బొమ్మ పెట్టాడు.

ఇది గుర్తుపెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

మొదటి రోజు బయల్దేరాం. ఎల్‌బీ నగర్ కూడా రాలేదు, ఏసీ గొడవ. ఏసీ వేస్తే పెట్రోల్ తాగుతుందని 302. వేయకపోతే మాదాపూర్‌లో దిగేసరికి తను మనిషిలా ఉండనని మేడమ్. చివరికి లక్డీకాపూల్ దాకా అద్దాలు దించాలి, ఆ తర్వాత ఏసీ అని ఒప్పందం. చాదర్‌ఘాట్ దగ్గర మూసీ గాలి పీలుస్తూ, ఏప్రిల్ ఎండలో, నలుగురం లక్డీకాపూల్ కోసం కాశీ కోసం చూసినట్టు చూశాం! పిల్లవాడు మాత్రం పాటలు వింటున్నాడు.

రెండో రోజు అంతకంటే పెద్దది. "మీరు పెట్రోల్ కొట్టించింది శనివారం కదా, ఆ రేటే వెయ్యాలి" అన్నాడు 302. "అదేంటండీ, ఖర్చయింది మళ్ళీ పోయాలంటే ఇవాళ్టి రేటుకే కదా పోయాలి?" అన్నాను నేను. కొన్న ధరా, మళ్ళీ కొనే ధరా? దీని మీద మలక్‌పేట నుంచి పంజాగుట్ట దాకా వాదించుకున్నాం. తేడా ఎంతో తెలుసా? తలకి రూపాయో రెండో! మేడమ్ మధ్యలో "నేను మీకంటే ముందే దిగిపోతాను, ఆ మిగతా దూరం నా లెక్కలో వెయ్యకండి" అంది. దుర్గం చెరువు వంతెన మీద అందరం ఫొటోలో నిలబడ్డట్టు మౌనం.

ఆ రాత్రి 302 గారు తలుపు కొట్టాడు. "ట్యాంకు అడుగంటింది కదా, రేపు పొద్దున అయిదున్నరకి బంక్‌కి వెళ్దామండీ. ఆరింటికి రేటు మారుతుంది. ఇరవై లీటర్లంటే పద్దెనిమిది రూపాయలు" అన్నాడు. నేను నవ్వాపుకుని సరే అన్నాను. నీకు చెప్పడానికి కథ దొరికిందనుకున్నాను, ఒట్టు.

వెళ్ళాం. నేను నిక్కరు మీద, ఆయన ఇస్త్రీ చొక్కాతో. అప్పటికే బంక్ దాకా ఒకటే బండ్ల వరస. ఈ ఊరు ఆ టైముకి నిద్ర లేవడం నేను ఎంసెట్ రోజున కూడా చూళ్ళేదు. పాలబ్బాయి, పేపర్ కుర్రాళ్ళు, ఒక ఆటో. ఒకాయన కూల్‌డ్రింక్ బాటిల్ తెచ్చాడు, బంక్ పిల్లవాడు పోయనంటే పోయనన్నాడు. ముందున్న బండివాడు నూటపది కొట్టించుకున్నాడు. రౌండు నంబరు చెబితే మోసం చేస్తారని మనవాళ్ళ నమ్మకం కదా, ఇప్పుడు నూటపదికి లీటరు కూడా రాదు, నమ్మకం మాత్రం అలాగే ఉంది. ఆటో అన్న వెనక్కి తిరిగి, "సార్, మీరు కార్ల తిరిగెటోళ్ళు గూడ తొంభై పైసల కోసం లైన్ల నిలబడితే, మా అసుంటోళ్ళు ఏడ నిలబడాలె?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడులే.

5:58కి మా ముందు ఇంకా ఒక బండి ఉంది. వాడి ట్యాంకు మూత తెరుచుకోలేదు! తాళం తిప్పుతాడు, గుద్దుతాడు, మళ్ళీ తిప్పుతాడు. 302 గారు కారు దిగి వెళ్ళి తనూ ఓ గుద్దు గుద్దాడు. మూత వచ్చింది. వాడు కొట్టించుకుని వెళ్ళాడు. నేను కారు ముందుకి జరిపాను. "జీరో చూసుకోండి సార్" అన్నాడు పిల్లవాడు. జీరో సరిగ్గానే ఉంది. దాని కింద 119.49.

ఆయన మొహం చూసి నేను పగలబడి నవ్వాను. ఆపుకోలేకపోయాను. పక్కన ఇరానీ హోటల్‌కి తీసుకెళ్ళి చాయ్ చెప్పాను, రెండు చాయ్‌లు ఇరవై నాలుగు. "మీ పద్దెనిమిది కంటే ఇదే ఎక్కువైంది, ఇది ఎవరి పద్దులో రాస్తారండీ?" అన్నాను. అప్పటికీ హుషారుగానే ఉన్నాను. ఆయన జేబులోంచి చిన్న డైరీ తీసి నిజంగానే రాయబోయి ఆగిపోయాడు. "ఈ రెండేళ్ళలో పెట్రోల్ రేటు తెలియాల్సిన అవసరమే రాలేదండీ నాకు" అన్నాడు.

"మాకు మాత్రం వచ్చిందా? వర్క్ ఫ్రం హోమే కదా అందరికీ" అన్నాను.

ఆయన చాయ్ మీద మీగడ చెంచాతో పక్కకి తీసి, "నాది హోమేనండీ. వర్క్ లేదు" అన్నాడు.

బావా, 2020 జూన్‌లో తీసేశారట. అపార్ట్‌మెంట్‌లో ఒక్కరికీ తెలియదు. రోజూ తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని లాప్‌టాప్ ముందు బాల్కనీలో కూర్చునేవాడురా! నేను కింద నుంచి చెయ్యి ఊపేవాడిని, "మీటింగా?" అని సైగ చేస్తే తల ఊపేవాడు. ఇప్పుడు దొరికిన ఉద్యోగం పోయిన నెల మధ్యలో ఖాయమైందట, జీతం ముందున్నదానిలో సగం. వెళ్ళి రావడానికి ఎంతవుతుందో లెక్కేసుకుందామని డైరీ తెరిచిన వారానికి రేట్లు మొదలయ్యాయి. రోజూ లెక్క మార్చుకోవాల్సి వచ్చి, ఎలాగూ చూస్తున్నాను కదా, నలుగురికీ పనికొస్తుందని గ్రూపులో పెట్టాడట.

నేనేమో ఆకాశవాణి.

ఏం మాట్లాడాలో తెలియలేదు. ఇంకో చాయ్ చెప్పాను. వద్దన్నాడు.

ఆ తర్వాత... వద్దులే, నా మీద నాకెంత కోపమొచ్చిందో రాస్తే నువ్వు నాటకం అంటావు. జరిగింది చెబుతాను. గురువారం 404 మేడమ్ మానేసింది, మెట్రోలో చల్లగా వెళ్తానంది. అంటే 551ని ముగ్గురు పంచుకోవాలి, తలకి 184. ఆయన డైరీ తీసి, మెట్రో అయితే పోను అరవై, రాను అరవై, అంతకు మించి టికెట్టే లేదు, ఎల్‌బీ నగర్ దాకా షేర్ ఆటో పదిహేను చొప్పున ముప్పై, మొత్తం 150 అన్నాడు. (ఆటోవాళ్ళూ పది నుంచి పదిహేనుకి ఎక్కారు. ఆర్టీసీ కూడా మొన్న తొమ్మిది నుంచి డీజిల్ సెస్ అని సిటీ ఆర్డినరీలో రెండు రూపాయలు కలిపింది.) "నేనూ రేపట్నుంచి మెట్రోలోనే వస్తానండీ" అన్నాడు. నాకేం పుట్టిందో, "లేదు లేదు, సర్వీసింగ్ చేయించాను, ఇప్పుడు పదహారు ఇస్తోంది" అనేశాను. ఆయన అక్కడే లెక్కేశాడు. 149.36. "అరవై నాలుగు పైసలు మనదే చౌక" అని నవ్వి, శుక్రవారం కారెక్కాడు.

డబ్బే వద్దంటే ఇంక కారెక్కడు, నాకు తెలుసు. పదమూడు అని నిజం చెప్పినా ఎక్కడు. పోనీ 105 కుర్రాడికి చెప్పి వాడి చేత... వద్దు, వాడు హెడ్‌ఫోన్ తీస్తే ఊరంతా చెబుతాడు.

ఇప్పుడు అసలు చిక్కు విను, అందుకే ఇంత పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. ఆరో తారీఖున ట్యాంకు నింపినప్పుడు ఆయన కిలోమీటర్ల రీడింగు డైరీలో రాసుకున్నాడు. రేటు ఐదు రోజులుగా కదల్లేదు గానీ ఆయనకి నమ్మకం లేదు, "మళ్ళీ మొదలయ్యేలోపు ఇవాళ ఫుల్ చేయిద్దాం, మీ మైలేజీ కూడా కచ్చితంగా తేలిపోతుంది" అని రాత్రి మెసేజ్ పెట్టాడు. తిరిగిన కిలోమీటర్లని పోసిన లీటర్లతో భాగిస్తాడు. పదమూడు వస్తుంది. నిన్న పిల్లల్ని వేసుకుని శిల్పారామం వెళ్ళాం, ఏసీ అక్కడ తాగిందంటే సరిపోతుందా? మూడు కిలోమీటర్ల తేడారా! నువ్వు ఆ రోజు వార్డెన్‌కి కిరోసిన్ ఆవిరైపోయిందని ఏ మొహంతో చెప్పావో, ఎలా నమ్మించావో కాస్త

ఫోన్ వస్తోంది, ఆయనే. బాల్కనీలోంచి చూస్తే కింద నా కారు అద్దం తుడుస్తున్నాడు. ఏడూ యాభై అయిందా అప్పుడే! స్నానం కూడా చెయ్యలేదు. వదినని అడిగానని చెప్పు. ఫోటో తీసి పంపేస్తున్నాను, చదివి వెంటనే ఫోన్ చెయ్యి, బంక్ చేరేలోపు. స్పీకర్‌లో ఉంటుంది, కిరోసిన్ అనే మాట మాత్రం

నీ
బావ